అక్క బదులు పాలెర్మోకి

హలో… ఆ, నేనే… నేనే అక్కా, నూకాలమ్మని! నీ తోటికోడల్ని… అరవకు, బాగానే వినపడతంది. ఆ టీవీ కట్టీసి ఇలగ కూకో. ఫోను సెవికి దగ్గరగా ఎట్టుకో… ఎట్టుకున్నావా? ఇంకా దగ్గరగా. ఊసు సెప్తాను.

నేనిప్పుడు నేల మీదున్నాను… ఓడలో కాదక్కా, నేల మీద! ఓడ ఒడ్డుకి ఆపీసి, సాయంత్రం లోపల ఊరు సూసుకుని వచ్చీమన్నారు… పేరా? పాలెర్మో. పా… లె… ర్మో. ఇటలీ దేశమట… ఆ, బిందు ఇక్కడే ఉంది, నిమ్మకాయ ఐసు కొంతంది లైన్లో నిలబడి. నీ మనవరాలికి ఈ ఊరు కొట్టిన పిండి. ఓడలో ఉద్యోగం గదా మరి…

లేదు, బొమ్మ రాదట. సిగ్నలు సాలదట. మాటలే.

ఎలగుందా?… ఎలగుంతాదక్కా. రాళ్ళు. పాత మేడలు. ఎండ… తిండా? తిండేముంది, సప్పగా ఉంది. నోట్లో ఎట్టుకోలేము… నిజంగానే… నిజంగానే అంతన్నాను గదా.

ఉండు. ఆ సప్పుడేటి?… కోళ్ళా? ఏ కోళ్ళు?… అక్కా, నువ్వు ఇంటికాడున్నావా?

ఈ వేళకి పలాసలో డయాలిసిస్ మంచం మీదుండాల గదా నువ్వు… రేపెల్తావా? రేపు కాదు, నీ వంతు ఈయేల… మరి మొన్న?… మొన్న ఎల్లినావా లేదా, ఆ మాట సెప్పు…

ఓలమ్మో.

కాలు సూసుకో. వేలితో నొక్కు… నొక్కి సూడమన్నాను… గుంట పడతందా? అలగే ఉండిపోతందా?… అదే మరి. ఫోనెత్తిన కాడ్నించి వింతన్నాను, మాటకీ మాటకీ మధ్యన ఆ ఆయాసం. మెట్లెక్కి వచ్చినావేమో అనుకున్నాను, మన ఇంటికి మెట్లెక్కడున్నాయి!

నీ కోడలు తోడొత్తానంది గదా? కమలకుమారి?… నువ్వే వద్దన్నావా? జీడిపిక్కల ఫేక్టరీకి ఎల్లకపోతే కూలి పోతాదనా?… సరే, మరి ఒక్కదానివైనా ఎల్లొచ్చు గదా. అక్కడందరూ తెలిసినోళ్ళే…

ఏటి?… మళ్ళీ సెప్పు, గాలి కొడతంది…

…సూది గుచ్చినప్పుడు పట్టుకోడానికి నా సెయ్యి లేకపోతే ఎల్లలేవా…

…

ఉన్నానక్కా. ఉన్నాను.

కాదు, నువ్వు ఊరుకో, నన్ను సెప్పనీ. ఇంటి మనిషినొకర్ని ఓడకి తెచ్చుకోవచ్చని ఓడోళ్ళు బిందుతో అంటే అది ముందు నిన్నే పిలిసింది. సొంత మామ్మవి. నీళ్ళు కొలుసుకుని తాగే మనిషి, వారానికి మూడుసార్లు మంచమెక్కాల్సిన మనిషి ఓడెలా ఎక్కుతాదని డాక్టరంటే, ‘నువ్వెల్లవే నూకాలూ’ అన్నావు… అన్నావు, నేను కాదన్లేదు. మరి నేను ఒక్కసారైనా ‘వద్దులే అక్కా’ అన్నానా? నీ మాట నోట్లోనే ఉంది, నేను సీరలు మడత ఎట్టీసినాను… నవ్వకు. నిజమది.

బిందుకి సెప్పొద్దంతావా?… ఎందుకు సెప్పను! అదిగో, అటు తిరిగుంది, పిలుత్తానుండు— ఆ, అలగ రా దారికి. సెప్పకూడదంటే లెగు. ఢిల్లీరావు ఆటో ఎదురింటి ముందే ఉంతాది గదా, కేకెయ్యి… లేటైతే ఏటవుతాది, ఊపిరాడట్లేదని సెప్పు, సూత్తారు… ఫోను కట్టీకు, సేత్తో పట్టుకునే ఎల్లు…

ఊసులు సెప్తేనే ఎక్కుతావా! సంటిపిల్లవా నువ్వు?… సరే. సెప్తాను. ముందు గుమ్మం దాటు… దాటినావా? ఆటో సప్పుడు నాకు వినపడాల… ఆ.

సర్చీలు సూసినామక్కా. ఒక దాని మీద మూడు ఎర్ర గుమ్మటాలు, కుమ్మరోడు కుండలు బోర్లించినట్టు. దాని పక్కనే ఇంకోటి, లోపల గోడలన్నీ బంగారు ముక్కలు అతికీసి… మెడ నొప్పెట్టీదాకా సూసినాను. దేవుడుండే సోటు గదా అని సెప్పులు గుమ్మం బయటే ఇప్పీసినాను. బిందు సూసుకోలేదు. తిరిగొచ్చేసరికి— లేవు!… నవ్వుతావేటి… దొంగెవడూ కాదు, తుడిసేవాడు పాత సెప్పులని తీసి పారేసినాడట. ఊరంతా ఒట్టి కాళ్ళతో నడిసినాను, రాళ్ళు పెనంలాగ కాలతన్నాయి…

ఒరే ఢిల్లీరావా! వినపడతందా? అమ్మని గతుకుల్లో మెల్లగా తీసుకెల్లు నాయనా. దారిలో ఫేక్టరీ కాడ ఆపి కమలకుమారిని ఎక్కించుకో… నువ్వు మధ్యలో మాటాడకు అక్కా. ఒక పూట కూలి పోతే పోనాది.

ఇంకోటి సెప్పాల. నవ్వకూడదు… గుమ్మం కాడ రాతి పళ్ళెంలో నీళ్ళున్నాయి. అందరూ వేళ్ళు ముంచి నుదుటికి రాసుకుంతన్నారు. నేను తీర్థమనుకున్నాను. సెయ్యి ముంచి, గుటుక్కున… ఆ, తాగీసినాను! ‘సిన్న మామ్మా!’ అని బిందు నెత్తి కొట్టుకుంది. అప్పటికే రెండోది కూడా తాగీసినాను… రెండోది నీ పేరునక్కా. ‘మా సింహాచలమక్క పేరున’ అని పైకే అన్నాను. నువ్వక్కడ గ్లాసు ఎలుగులో ఎట్టి కొలుసుకుంతావు, నేనిక్కడ నీ వంతు నీళ్ళు కూడా తాగీత్తన్నాను…

ఫేక్టరీ వచ్చిందా?… ఎక్కిందా పిల్ల? ఏటంతంది?… తిట్టనీ. తిట్టాల్సిందే. ఆ తిట్లలో సగం నాయే, దాసి ఎట్టమను.

తిండా… మళ్ళీ అడుగుతావేటి. సెప్పినాను గదా, సప్ప—

…

లేదక్కా. అబద్ధమాడినాను. బాగుంది. సాలా బాగుంది.

శెనగపిండి ఉడకబెట్టి, ఆరబెట్టి, పలకల్లాగ కోసి నూనిలో ఎయిత్తారు. వేడి వేడిగా రొట్టెలో ఎట్టిత్తారు. మన బజ్జీయే గాని కారం లేదు. నిమ్మకాయ పిండుకోడమే… తినేటప్పుడే పిండుకోవాల, ముందు కాదు, మెత్తబడిపోతాది… రెండు తిన్నాను… కాదు, మూడు. తరవాత గొట్టం కాజా లాటిదొకటి, లోపల తీపి జున్నులాటి ముద్ద. కొరికితే కరకరా ఇరిగి, లోపల సల్లగా…

అక్కా, తిన్నంతసేపూ నువ్వు గుర్తు రాలేదు. అదే నా బాధ. తినీసి, వేళ్ళు నాక్కున్నాక అప్పుడు గుర్తొచ్చినావు. అప్పుడు ఫోను సేసినాను.

…

అక్కా?… ఏడుత్తన్నావా?… మరేటి?… ముద్దలో పంచదారా బెల్లమా అని అడుగుతన్నావా! ఓసి నీ… పంచదారే. బెల్లం వాసన లేదు.

వచ్చీసినారా? మెల్లగా దిగు, కమలకుమారి భుజం మీద సెయ్యి ఎయ్యి… ఆ. నా మాటిను. సూది గుచ్చేటప్పుడు పక్క మంచం మీదున్న వాణి ఏపు తిరుగు. మొన్న రాలేదేటి, ఎక్కడికెల్లినావు సింహాచలమ్మా అని ఆ పిల్ల ఎలాగూ అడుగుతాది. పాలెర్మో ఎల్లినానని సెప్పు… అబద్ధమేటి! నువ్వే ఎల్లినట్టు సెప్పు, నా పేరు తేకు. ఒక్కటీ మరిసిపోకు. మరిసిపోయిన కాడ నువ్వే కలిపీ, నీకు నాకన్నా బాగా వచ్చును. ఆ పిల్ల కూడా నీళ్ళు కొలుసుకుని తాగే మనిషే, నిమ్మకాయ కాడికొచ్చేసరికి నోరూరేలాగ సెప్పాల… ఆ… సెప్తావు గదా?… సెప్పి, రేపు నాకు సెప్పు, నువ్వెలగెల్లొచ్చినావో. నేను ఊ కొడతాను…

ఆ. పిలుత్తన్నారా? ఎల్లు. ఎల్లక్కా, ఎల్—