క్రూమెల్ తిన్నదా?

వాన పడుతున్న మధ్యాహ్నం. వీబ్కె వంటింటి బల్ల మీద ప్లాస్టిక్ పెట్టె, అందులో పెన్సిలంత పాము పిల్ల. సైకిల్ మీద తడిసి వచ్చిన ఒన్నో ఇంకా కోటైనా విప్పలేదు.

"...అలా కాదు ఒన్నో, నేను చెప్పేది విను. అన్నీ చేశాను. వేడినీళ్ళలో పెట్టి వెచ్చబెట్టాను. పట్టకారుతో పట్టుకుని మూతి ముందు ఆడించాను. కోడి ఉడికించిన నీళ్ళలో ముంచాను. నా చేత్తో! చచ్చిన ఎలుక పిల్లని! నేను!"

"సరే, సరే. కోటు విప్పనీ."

"కోటు తర్వాత. ముందు దాన్ని చూడు."

"చూస్తున్నాను."

"చూసి?"

"సన్నగా ఉంది. రొట్టె తునక అని పేరు పెడితే అంతే ఉంటుంది మరి."

"క్రూమెల్ అని పేరు పెట్టింది నీ స్నేహితుడు, నేను కాదు. సన్నగా ఉందని చెప్పడానికా ఇంత వానలో వచ్చింది?"

"కేకలెయ్యకు. దానికి వినబడకపోయినా నాకు వినబడుతుంది."

"ఏం చెయ్యమంటావ్ మరి? మొదటి కుబుసం విడిచాకే పిల్లలు తింటాయట. అది విడిచిన రోజు నుంచి ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. పెట్టింది పెట్టినట్టే తీసి పారేస్తున్నాను. చెత్తబుట్ట ముందు నిలబడి ఏడుస్తున్నాను ఒన్నో, పిచ్చిదానిలా."

"హాయోకి చెప్పావా?"

"టీ పోస్తాను. కూర్చో."

"వీబ్కె. నీ మొగుడికి చెప్పావా అంటున్నా."

"మీగడ ఎక్కువ వెయ్యనా?"

"వీబ్కె!"

"తింటోందని చెప్పాను."

"ఓరి నాయనో."

"మరేం చెయ్యను? హాస్పిటల్ గదిలో నేను అడుగు పెడతానో లేదో, ఎలా ఉన్నావనడు, తడిసి వచ్చావా అనడు. 'క్రూమెల్ తిన్నదా?' అంతే. నోట్లో గొట్టం తీయగానే మొదటి మాట అదే. ఏళ్ళ తరబడి ఇలాంటి అరుదైన రంగు పిల్ల కోసం పాకులాడాడు. ఇన్ని గుడ్లలో పిల్ల అయింది ఇదొక్కటే. తీరా ఇది గుడ్డు చీల్చుకుని తల బయటపెట్టిన రోజే ఆయన గుండె పట్టుకుని పడిపోయాడు. తినలేదని ఏ నోటితో చెప్పను?"

"ఒక్కసారే చెప్పావా?"

"వెళ్ళినప్పుడల్లా."

"వివరాలు అడిగుంటాడే. వాడి సంగతి నాకు తెలీదూ."

"అడిగాడు. తల వైపు నుంచి మింగిందా, తోక వైపు నుంచా అని."

"ఏమన్నావ్?"

"తల వైపు నుంచి అన్నాను. అంతే కదా?"

"అంతే. ఇంకా?"

"దొడ్డికి వెళ్ళిందా అని. వెళ్ళిందన్నాను."

"రంగు కూడా అడిగాడా?"

"అడిగాడు. గోధుమరంగు అన్నాను. నవ్వావంటే తంతాను."

"నవ్వటం లేదు. ఒక్క గోధుమరంగేనా?"

"మరి ఇంకేం ఉంటుంది?"

"ఏం లేదు. టీ పొయ్యి."

"రేపు పొద్దున ఆయన్ని లోపలికి తీసుకెళ్తారు ఒన్నో. గుండె కోసి బాగుచేస్తారట. ఆ బల్ల మీద నుంచి లేస్తాడో లేదో. తలుపు దాకా నేను పక్కనే నడుస్తాను. అక్కడ కూడా అడుగుతాడు, తిన్నదా అని. ఆయన నా నోట ఆఖరిసారి వినే మాట అబద్ధం కాకూడదు. అందుకని ఇది ఇవాళ తినాలి. రేపు కాదు. ఇవాళ."

"రేపు... ఊఁ."

"ఊఁ ఏమిటి?"

"రేపటి సంగతి రేపు చూద్దాం."

"నువ్వు నిన్న చూసొచ్చావుగా. డాక్టర్లు ఏమైనా అన్నారా? ఇవాళ నన్ను రావద్దన్నాడు, పరీక్షలున్నాయట."

"డాక్టర్లు నాతో ఎందుకు మాట్లాడతారు? వీబ్కె, నువ్వు టీ కలుపుతున్నావు."

"ఏంటి?"

"చెంచాతో. కలకండ అడుగున, మీగడ పైన, కదపకుండా తాగాలని మా ఆవిడతో పోట్లాడి ఏడాది మాట్లాడని దానివి."

"ఛ. పారబోస్తాను."

"ఇటివ్వు, నేను తాగుతాను. ఆ పెట్టె ఇటు జరుపు. లోపల బూడిదరంగుది ఏమిటి?"

"ఏది?"

"అదిగో, మూలన. గుడ్డలా ఉంది."

"అదా. పడక."

"కాగితం తువ్వాలు వెయ్యమన్నాడుగా హాయో."

"వేశాను. దాని మీద అది."

"ఉన్నితో అల్లినట్టుందే. ఇది... హాయో స్వెటర్ కాదూ?"

"స్వెటర్ మొత్తం కాదు."

"అంటే?"

"ఒక చెయ్యి."

"చెయ్యి కోసేశావా!"

"అరవకు! ఆయనకి చెప్పకు. కొత్తది అల్లి కుట్టేస్తాను. అది ఒంటరిగా ఉందని ఒన్నో... కుక్కపిల్లని తెచ్చినప్పుడు తల్లి పడుకున్న దుప్పటి వేశాంగా, ఆ వాసనకి ఏడవకుండా పడుకుంది. దీనికి తల్లి వాసన ఎక్కణ్ణించి తేను? ఆయన వాసనైనా ఉంటుందని. రోజూ ఆ చేతి లోపలికి దూర్చి పడుకోబెడతాను. పాకి వచ్చేస్తే మళ్ళీ దూరుస్తాను."

"వచ్చేస్తుందా?"

"ఎప్పుడూనూ. ఇప్పుడు చూడు, ఆ చివరన ఎలా ముడుచుకుందో. ఆయన్ని గుర్తుపట్టటం లేదు పాపం."

"ఈ స్వెటర్ వాడు ఎప్పుడు వేసుకునేవాడు?"

"సాయంత్రాలు, పాముని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు. ఉతకనిచ్చేవాడా! సబ్బు వాసన వాటికి పడదట."

"ఏ పాముని?"

"ఏ పాము ఏమిటి, కైజర్నే. ఇప్పుడు మీ ఇంట్లో ఉందే, ఆ నల్లటిది. ఆ చేతికే చుట్టుకుని గంటలు గంటలు పడుకునేది."

"అది ఏ జాతి?"

"కింగ్ స్నేక్. నాకెందుకు పరీక్ష పెడుతున్నావ్?"

"కింగ్ స్నేక్ ఏం తింటుంది?"

"ఎలుకలు. ఫ్రీజర్‌లోంచి తీసి ఇచ్చింది నేనేగా."

"మీ ఇంట్లో ఎలుకలు. అడవిలో ఉంటే?"

"అడవిలో..."

"చెప్పు."

"పాముల్ని."

"ఊఁ."

"పాముల్ని తింటుంది. అందుకే ఆయన దాన్ని వేరే గదిలో... అయ్యో. అయ్యో ఒన్నో! దీన్ని రోజూ తీసుకెళ్ళి దాని నోట్లో పెట్టానా!"

"నోట్లో కాదు. వాసనలో."

"పారిపోతుంటే పట్టుకొచ్చి మరీ పెట్టాను! బుజ్జగించి మరీ పెట్టాను!"

"ఏడుపు తర్వాత. సబ్బుతో చేతులు కడుక్కో, మోచేతుల దాకా, సబ్బు వాసన కూడా పోయేలా. చిన్న డబ్బా కావాలి, మూతకి చిల్లులు పొడవాలి."

"ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది."

"టాయిలెట్ కాగితం చుట్టిన అట్టగొట్టం?"

"ఉంది. దేనికి?"

"దాక్కోడానికి. వేరే వాసన లేని చోటు కావాలి దానికి. ఎలుక పిల్ల?"

"వెచ్చగానే ఉంది. నువ్వొస్తున్నావని నీళ్ళలో వేశాను."

"పాముని డబ్బాలోకి మార్చు. ఎలుకని గొట్టం పక్కన పెట్టు. మూత. పైన తువ్వాలు. ఇక ముట్టుకోకు."

"ఎంతసేపు?"

"నువ్వు కప్పులో చెంచా పెట్టి చాలు అనేదాకా."

"ఇవాళ టీ ఎవడిక్కావాలి!"

"నాక్కావాలి. పొయ్యి. కలపకు."

"తువ్వాలు కదిలింది."

"కదల్లేదు."

"కదిలింది ఒన్నో."

"నీ మోచెయ్యే బల్లని కదుపుతోంది. తియ్యి."

"తినకపోతే?"

"తింటుంది."

"తినకపోతే ఒన్నో?"

"మళ్ళీ ఓ నాలుగు రోజులాగి..."

"నాలుగు రోజులు ఎక్కడివి నాకు? ఏదో ఒకటి మాట్లాడు, నాకు పిచ్చెక్కుతోంది. నిన్న హాయో ఏమన్నాడు?"

"రొయ్యల గురించి."

"సాయంత్రం దాకా కూర్చుని రొయ్యల గురించా?"

"చేపల గురించి కూడా."

"నా వైపు చూసి చెప్పు."

"టీ చల్లారుతోంది వీబ్కె."

"ఇదిగో, చెంచా పెట్టేశాను. చూడు, కప్పులో పెట్టేశాను. తియ్యనా?"

"ఒక్క మూల. నెమ్మదిగా."

"ఎలుక లేదు."

"సరిగ్గా చూడు."

"లేదు! ఒన్నో, ఎలుక లేదు! ఎక్కడికి పోయింది?"

"చచ్చిన ఎలుక ఎక్కడికి పోతుంది? గొట్టంలోకి చూడు."

"తోక... నోట్లోంచి తోక! గులాబీ రంగు తోక! మింగుతోంది!"

"కప్పు, కప్పు! మళ్ళీ కక్కేస్తుంది."

"తల వైపు నుంచే ఒన్నో! నేను చెప్పినట్టే! దేవుడా, నేను చెప్పినట్టే మింగింది! ఫోనెక్కడ? నా ఫోన్?"

"వీబ్కె, ఆగు. రేపు ఎలాగూ కలుస్తావుగా."

"ఎందుకాగాలి? ఇన్నాళ్ళు అబద్ధాలు చెప్పిన నోరు. ఒక్క నిజం చెప్పనీ. స్పీకర్ పెడతాను, నువ్వూ విను. హాయో! హాయో, తిన్నది! తల వైపు నుంచి! నా కళ్ళతో చూశాను!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే! తోక ఇంకా బయటే... అంటే, మళ్ళీ తిన్నది అంటున్నాను."

"మొదటిసారి కదూ?"

"నీకెలా తెలుసు?"

"గోధుమరంగు అన్నావు వీబ్కె. పాము దొడ్డికి వెళితే పక్కన సున్నంలా తెల్లది కూడా పడుతుంది. అది లేకుండా ఉండదు. ఆరోజే తెలిసింది."

"తెలిసి కూడా వెళ్ళినప్పుడల్లా అడిగావా!"

"చెప్తుంటే నీ మొహం బాగుండేది."

"ఛీ, దొంగ. సరే, ఇదీ విను. నీ బూడిదరంగు స్వెటర్ ఒక చెయ్యి కోసేశాను. దాని పడక కోసం. కైజర్ వాసన ఉంటుందని తోచలేదు నాకు, అందుకే అది తినలేదు. తప్పు నాదే. తిట్టు. ఇక నా దగ్గర దాచింది ఏమీ లేదు. రేపు మనసు తేలిగ్గా పెట్టుకుని లోపలికి వెళ్ళు. పొద్దున్నే వస్తాను, వాళ్ళు నిన్ను తీసుకెళ్ళేలోపు..."

"ఒన్నో ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాడు. కిటికీలోంచి వాన చూస్తున్నాడు. ఎందుకు ఒన్నో అటు తిరిగావ్?"

"నేను చెప్పలేదు హాయో. చెప్పనని నీకు మాటిచ్చాను. నువ్వే చెప్పుకో."

"ఏమిటి చెప్పేది?"

"కూర్చున్నావా వీబ్కె?"

"ఏమిటి హాయో చెప్పేది?"

"నువ్వు క్రూమెల్ తింటోందన్నావు, నేను రేపు ఆపరేషన్ అన్నాను. ఈ గుండె కోతకి తట్టుకోదని వాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశారు. రేపు ఇంటికి పంపించేస్తున్నారు, అంతే. పొద్దున వచ్చేటప్పుడు ఆ స్వెటర్ పట్రా, ఒక చెయ్యి లేకపోయినా పర్వాలేదు."