స్వామి కూర్చున్న సీటు

కాదు నాయనా, ఆ తోలుముక్క లోపల పెట్టు. నాకు రుజువులు చూపియ్యకు. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఆటోల పడి వచ్చింది రుజువుల కోసమా? మా కారు సీట్లకు తోలని చెప్పి రెగ్జిన్ వేసినవని కొట్లాడనికి వచ్చిన అనుకుంటున్నవా? అయ్యో ఉమామహేశ్వర్! అట్ల వేసుంటే నీ చేతులు పట్టుకొని మొక్కుదును.

కూసో. ఆ కుట్టుమిషను జర ఆపు. మెల్లగ చెప్త, విను. నా క్లాసుల నువ్వు ఎన్నడు ఒక్కసారికి అర్థం చేసుకున్నవ్ గనక?

మా హరీష్ అయ్యప్ప మాల వేసుకున్నడు. కొడుకైనా ఇప్పుడు స్వామి అనే పిలవాలె. ఎందుకు వేసుకున్నడు? కోడలు దీపకు రెండుసార్లు కడుపు నిలువలే. ఈసారి ఏడో నెల వచ్చింది. బిడ్డ క్షేమంగ బయటపడాలెనని మొక్కు.

మాలల ఉన్నోళ్లు తోలు ముట్టొద్దు. చెప్పులు ఇడిసిండు. బెల్టు తీసి అల్మారీల పెట్టిన. పర్సుకు బదులు గుడ్డసంచి నేనే కుట్టిచ్చిన. అన్నీ యాది పెట్టుకున్న. రోజూ ఏ సీటు మీద కూసోని డ్యూటీకి పోతున్నడో, అది మాత్రం నా బుర్రకు తట్టలే. చూసినవా, మనిషి తెలివి!

స్వామికేం తెలుసు? సీట్లు వేయించిననాడు కారు నాకిడిసి బస్సుల డ్యూటీకి పోయిండు. అందరి కార్లల్ల ఉండే రెగ్జినే అనుకున్నడు. ఇదే స్టూల్ మీద కూసోని, తోలే కావాలని పట్టువట్టింది ఎవరు? నువ్వు రెండు ముక్కలు ముంగట పెట్టి, "రెగ్జిన్ చాలు టీచర్, తుడిస్తే పోతది, ఎక్కువ చూసుకునే పని లేదు" అంటివి. నేనేమంటి? రెగ్జిన్ గాలి ఆడనియ్యదు, చెమటకు ఈపుకు అతుక్కుంటది, కడుపుతోని ఉన్న పిల్ల దవాఖానకు పోయి రావాలె, తోలైతే చెమట పీల్చుకుంటది అంటి. నీ పని గురించి నీకే పాఠం చెప్పిన కదా!

మొన్న ఐతారం మౌలాలిల పూజ. గురుస్వామిని కార్ల ఎక్కించుకున్నడు. ధర్మేందర్ స్వామి, చెడ్డ మనిషేం కాదు. సీటు మీద చెయ్యి పెట్టి, వాసన చూసి, "స్వామీ, ఇది అసలు తోలు లెక్కున్నదే" అన్నడట. గంతే. ఆయన్ని దింపి, కారు ఆడనే ఇడిసి, ఉత్త కాళ్లతోని ఇంటిదాకా నడిచొచ్చిండు. తెల్లారి మా అల్లుడు పోయి కారు తెచ్చిండు.

పైన గుడ్డ కప్పితే పోదా అంటవా? నేనూ అదే అన్న. "ఇన్ని దినాలు కూసున్నది పోతదా అమ్మా?" అన్నడు. తినుడు బంద్ పెట్టిండు. నిన్న దీపకు బీపీ పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది. పెరగదా మరి? మొగడు గోడకు మొఖం పెట్టి కూసుంటే! ఇప్పుడేమంటున్నడు? నా దీక్ష చెడ్డది, అందుకే ఇట్లయితుంది, ఇయ్యాల పొద్దుగూకంగ మాల తీసేస్త అంటున్నడు. దీప విన్నది. విని, బిడ్డ కోసం కుట్టుకుంటున్న బొంతను సగంలనే మడిచి లోపల పెట్టేసింది. అర్థమైతుందా? మాల దిగిందంటే ఆ పిల్ల ధైర్యం దిగిపోయినట్టే.

నేను పరీక్ష చెయ్యలేదనుకున్నవా? సీటు మీద నీళ్లచుక్క వేసిన. రెగ్జినైతే చుక్క గుండ్రంగ నిలవాలె. నిలుస్తదేమోనని ఊపిరి బిగవట్టి చూసిన. మెల్లమెల్లగ నల్లబడి ఇంకిపోయింది. కింద అంచు గోరుతోని లేపి చూసిన. రెగ్జినైతే వెనుక నేతగుడ్డ ఉంటది. ఇది నూగునూగుగ పీచు. అసలు తోలే. నువ్వు నిజాయితీపరుడివి. నా కర్మ!

అందుకే... ఇటు చూడు. పొద్దున స్వామికి చెప్పేసిన. షాపాయన నన్ను మోసం చేసిండు, అది తోలు కాదు రెగ్జినే అని చెప్పిన. నీ పేరు పెట్టే చెప్పిన. స్వామి నమ్మలే. "షాపుకు పోయి ఆయన్నే అడుగుత" అని బయలుదేరిండు. నేను ముందుగాల ఉరికొచ్చిన.

దీక్షల ఉన్నోని ముందు అబద్ధమా టీచర్ అని చూస్తున్నవు. తప్పే. ఆ పాపం నాకే రానీ. బడిల అబద్ధమాడినందుకు నీ చెయ్యి వాచేటట్టు కొట్టింది నేనే. ఇయ్యాల నిన్నే అడుక్కుంటున్న. నీ షాపుకు చెడ్డపేరొస్తది. అవును, వస్తది. దాన్ని నేను మాపలేను.

మొఖం తిప్పుకోకు నాయనా.

అగో, మలుపు కాడ నల్ల బట్టలు... ఆయనే! నువ్వేం చెప్పకు. నీ నోటితోని అబద్ధం వద్దు. నేనే తిడత. నువ్వు తల వంచుకో. అంతే అడుగుతున్న, ఉత్తగ తల వంచుకో.

ఏందయ్యా ఉమామహేశ్వర్! ముసలిదాన్నని చూడకుండ, తోలని చెప్పి రెగ్జిన్ అంటగడ్తవా? సిగ్గు లేదా నీకు? ఈ దొంగ సీట్లు మాకొద్దు, రేపే ఊడపీకి గుడ్డవి వెయ్యి! వచ్చినవా స్వామీ? చూడు, ఈయన మొఖం చూడు! తలెత్తుతున్నడా? నోట మాట వస్తుందా?

ఇంకేం అడుగుతవు స్వామీ, పో. దీపకు పోయి చెప్పు. ఇంత తిను. నేను ఇంకో నాలుగు మాటలని వస్త.

...పోయిండు. మలుపు దాటిండు.

ఇంక తలెత్తు నాయనా. ఉమామహేశ్వర్... తలెత్తరాదా?