గోడ మీది సీసా: మలకీ గెరటీ గారి పదవీ విరమణ వేళ

1989 మార్చి ఆరో తేదీన లీట్రిమ్ జిల్లాలోని మన మురుగు తొట్టెల పరీక్షా కేంద్రంలో నీటి నమూనాలు సేకరించే ఉద్యోగిగా చేరిన శ్రీ మలకీ గెరటీ గారు, ముప్పై అయిదేళ్ళ సేవ అనంతరం ప్రధాన పరీక్షాధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు. నీరింకని మన జిగట నేలలో ఒక ఇంటి మురుగు పక్కింటి బావిలోకి చేరడం చిన్ననాటి నుంచీ చూసినవారు కనుక, ఇళ్ళకు అమ్మే మురుగుశుద్ధి తొట్టెల పరీక్షను ఆయన ఏనాడూ కాగితాల పనిగా భావించలేదు.

జాతీయ ఆమోద నిబంధనల ప్రకారం తొట్టెను భూమిలో పాతి, ముప్పై ఎనిమిది వారాలు ఊరి మురుగును అందులోకి వదులుతాం. నడుమ రెండు వారాలు, ఇంటివారు సెలవుకు వెళ్ళినట్టుగా, చుక్క కూడా వదలం. మురుగును తిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు ఆ పస్తును తట్టుకుంటేనే ఆమోదం. ఆమోదం లేనిదే అమ్మకం లేదు.

2001లో మలకీ గారు పరీక్షాధికారి అయ్యారు. 2006లో మన ఊరి కర్మాగారం తయారుచేసిన తొట్టె పరీక్షకు వచ్చింది. అక్కడ మేస్త్రీ ఆయన సొంత అన్న ఫెర్గస్ గారు. ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి. చివరి వారంలో ఇక్కడే టీ తాగుతూ ఫెర్గస్ గారు నవ్వుతూ అన్నారు:

"సెలవు వారాల్లో మూత తీసి రెండు లీటర్ల పాలు పోశాన్లేరా. లేకపోతే లోపలి పురుగులు ఆకలికి చావవూ? మన అమ్మ ఇంటి తొట్టెలో పోసేది కాదూ?"

మలకీ గారు కప్పు కింద పెట్టారు. "అన్నా, పరీక్ష పోయింది."

"పాలకేనా? వెర్రివాడా!"

"రేపు జనం నిజంగా సెలవుకెళ్తే ఆ ఇళ్ళలో పాలెవరు పోస్తారు? పక్కింటి బావి సంగతేంటి?"

"సరే, రాసుకో. కర్మాగారంలో మేం నలభై మందిమి ఉన్నాం. మా పేర్లు కూడా రాసుకో!"

మలకీ గారు పరీక్షను రద్దు చేశారు. మళ్ళీ మొదటి నుంచి పరీక్ష జరిగి ముగిసేదాకా అమ్మకాలు లేక కర్మాగారం నిలవలేకపోయింది, మూతపడింది. ఆనాటి నుంచి అన్నగారు ఆయనతో మాట్లాడలేదు.

అయినా ప్రతి నెలా మొదటి ఆదివారం మలకీ గారు మేం కడిగి ఇచ్చిన సీసా ఒకటి తీసుకుని, అన్నగారి గేటు పక్క గోడ మీద పెట్టి వస్తారు, అన్నగారు తన బావి నీటితో నింపితే పరీక్షించి ఇద్దామని. మరునాడు ఆ గోడ మీది నుంచి అది ఖాళీగానే తిరిగి వస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస.

విరమణ తరువాత కూడా ఆ సీసాలు మేమే కడిగి ఇస్తాము. మలకీ గారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలి. ఆ సీసా నిండుగా తిరిగి వచ్చే సోమవారం దాకానైనా అన్నదమ్ములిద్దరూ బతికి ఉండాలి.