గొంతు అక్కర్లేని పాటలు

"పాడకుండా ఒట్టి గిటార్‌తో జనాన్ని కూర్చోబెట్టడం అంటే వేళాకోళం అనుకుంటున్నారా? మా ఆవిడకి గొంతు ఆపరేషన్ అయ్యాక హోటల్ మేనేజర్ నన్ను పిలిచి, 'ఆవిడ ఇక పాడలేరు కదా, ఒక్క శనివారం మీరొక్కరే వాయించండి, జనానికి నచ్చితే కొనసాగిద్దాం, లేకపోతే మానేద్దాం' అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ వాయిస్తున్నవాడికి పరీక్ష పెడతాడట. నాకు నవ్వొచ్చి సరే అన్నాను."

గిటార్ మాస్టారు టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకున్నాడు. ఎదురుగా దర్జీ, టీ కాచే పెద్దమ్మ వింటున్నారు. బెంచీ చివర ఆయన బావమరిది తల వంచుకుని టీ తాగుతున్నాడు.

"అసలు విద్యంతా పాట ఎంచుకోవడంలో ఉంది. కొన్ని పాటలు మాటల మీదే బతుకుతాయి, ఒకే స్వరం మీద గబగబా నడుస్తాయి. గొంతు తీసేస్తే తలుపు తట్టినట్టు ఉంటాయి. మనకి ఎక్కుతూ దిగుతూ సాగే ట్యూన్ కావాలి, అది పై తీగ మీద తేలాలి. అలాంటివి ఎనిమిది ఏరాను. మొదటి పాటకే చెంచాల చప్పుడు ఆగిపోయింది."

"నోళ్ళల్లో ముద్దలున్నాయేమో" అన్నాడు దర్జీ.

"రెండో పాటకి వంటవాడు గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. లోపల పొయ్యి మీద గిన్నె మాడిపోయింది, అదే వడ్డించారు, ఒక్కడు నోరెత్తలేదు. మూడో పాటకి లిఫ్టువాడు వినడం కోసం రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆపేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలున్నవాళ్ళు దాన్ని అక్కడే ఉంచమని బతిమాలారట."

"నిజమే నాయనా?" అంది పెద్దమ్మ, గ్లాసులు కడుగుతూ.

"ఇంకా వినండి. పుట్టుచెవిటి ముసలాయన ఒకడు ముందు టేబుల్ దగ్గర ఉన్నాడు. అయిదో పాటలో లేచి, 'మాస్టారూ, మూడో తీగ వెంట్రుకవాసి దిగింది' అన్నాడు. చూసుకున్నాను, దిగింది! అప్పుడు బయట వాన కురుస్తోంది చూడండి, అది కిటికీ రేకు దాకా వచ్చి ఆగిపోయింది. రేకు మీద పడితే చప్పుడవుతుందని చినుకులు గాల్లోనే నిలబడ్డాయి. పక్క ఆసుపత్రిలో పుట్టిన పసివాడు నా ఎనిమిదో పాట అయ్యేదాకా ఏడుపు ఆపుకున్నాడు. డాక్టర్లు కంగారుపడ్డారు గానీ వాడు విన్నాకే ఏడ్చాడు. మేనేజర్ నా చేతులు పట్టుకుని, 'జన్మంతా ప్రతి శనివారం మీదే' అన్నాడు. మా ఆవిడ పాడినప్పుడు కూడా ఇంత లేదు. నిజం చెప్పాలంటే ఆ గొంతే ఇన్నాళ్ళూ నా గిటార్‌ని తొక్కేసింది."

బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

"మేనేజర్ పొద్దున అక్కకి మెసేజ్ పెట్టాడు బావా. నిన్ను ఇక రావద్దన్నాడు. నీకు చెప్పడానికి మొహమాటపడ్డాడట."

మాస్టారు కాలు దించాడు. "వాడికేం తెలుసు సంగీతం?"

"ఇందాక చెప్పావే, ఎక్కుతూ దిగుతూ సాగే ట్యూన్, పై తీగ. ఆ ముక్కలన్నీ అక్క కాగితం మీద రాసిచ్చినవి. ఆసుపత్రి మంచం మీద మూడు రోజులు ఆలోచించి ఎనిమిది పాటలు ఏరింది. నువ్వు వాటిలో ఒక్కటీ వాయించలేదు. పాతవే, ఎప్పటిలాగే, పాడేవాళ్ళ వెనక తాళం వేసినట్టు వాయించావు. అసలు పాట ఎక్కడా లేదు."

"నువ్వెప్పుడు విన్నావ్?"

"నేనూ అక్కా చివరి టేబుల్ దగ్గరే ఉన్నాం. నీకు చెప్పొద్దంది. 'నేను పాడలేకపోయినా నా పాటలు ఆయన చేతుల్లో ఉంటాయి, అది చాలు' అని రాసి చూపించి మరీ తీసుకెళ్ళింది."

దర్జీ తల తిప్పుకున్నాడు. పెద్దమ్మ నీళ్ళు కట్టేసింది.

"అలవాటు కొద్దీ నువ్వు ప్రతి పాటకీ మొదట నాలుగు దరువులు వాయించి, ఆగి, కుడివైపు తిరిగి తల ఊపావు. ఇక అందుకో అన్నట్టు. అక్కడ కుర్చీ కూడా లేదు బావా."

మాస్టారు చెప్పులు వేసుకోబోయాడు.

"నువ్వు తల ఊపిన ప్రతిసారీ అక్క నోరు తెరిచింది."