మిషను బంగళా రత్తమ్మ

ఏంటమ్మాయ్ అశ్వినీ, పొద్దున్నే ఫోను పట్టుకుని మిషను బంగళాకి వెళ్ళొచ్చేవంట? దెయ్యం వీడియో తీద్దామనా? ఏముందే అందులో, గబ్బిలాలు, పిచ్చిచెట్లు, కూలిపోయిన మెట్లు. ఇలా కూర్చో. మీ తాతే బతికుంటే నిన్నా గేటు దాటనిచ్చేవాడు కాదు. ఎప్పుడో ఏ దేశం నుంచో వచ్చిన దొరలు కట్టేరంట దాన్ని. కింద బడి, పక్కన ప్రార్థన గది, పైన మేడ. అక్కడో దొరసాని మన ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పేదంట. ఆవిడ బిడ్డ జ్వరమొచ్చి పోతే ఆ పెరట్లోనే పాతిపెట్టేరు, ఆ దిగులుతో ఆవిడా పోయింది. దొరలు వెళ్ళిపోయేక బంగళా పాడుబడిపోయింది. ఇక మొదలెట్టేరు మనవాళ్ళు. దొరసాని తెల్లగౌనేసుకుని బిడ్డ కోసం తిరుగుతుందని, పేరు పెట్టి పిలుస్తుందని, పలికేవో ప్రాణం పట్టుకుపోతుందని. మా అమ్మా అందరమ్మల్లాగే, "ఒరే త్రిమూర్తులూ, అటేపెళ్తే ఎవరు పిలిచినా పలక్కురోయ్" అనేది.

దొరసానిని నేనైతే చూళ్ళేదు గానీ, రత్తమ్మని చూసేను. నీకు తెలీదులే, మీ అమ్మే పుట్టలేదప్పటికి. మా వీధే, సత్తియ్య పెళ్ళాం. నోరు పెద్దది, మనసు వెన్న. నవ్విందంటే ఏటిగట్టు దాకా వినపడేది. ఓ రోజు తెల్లారుతూనే మొగుడూ పెళ్ళాలకి పోట్లాట. దేనికనుకున్నావు? పులుసులో ఉప్పెక్కువైందని ఆయనన్నాడు. "నచ్చకపోతే పో, మళ్ళీ నా మొహం చూడకు" అని ఈవిడంది. వీధంతా విన్నారు. మొగుడూ పెళ్ళాలన్నాక ఎవరనుకోరమ్మా? మా ఇంట్లో అయితే రోజూ అదే పాట. కానీ ఆ రోజు ఆయన చేపల వేటకెళ్ళిన పడవ గాలివానలో చిక్కుకుంది. సత్తియ్యే కాదు, అందులో ఉన్న మనిషి ఒక్కడూ తిరిగి రాలేదు. దహనం చెయ్యడానికి శవాలు కూడా దొరకలేదు. పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏడుపులు కాస్త సద్దుమణిగేక ఎవరో అన్నారు, "దాని నాలిక మీద మచ్చుంది, అదన్నదే జరిగింది" అని. అంతే. కుళాయి దగ్గరికెళ్తే బిందెలు తీసుకుని లేచిపోయేవారు. ఆవిడ తట్టలో చేపలు కొనేవాళ్ళు లేరు. పక్కింటి పసివాణ్ణి "బంగారుకొండ" అని ఎత్తుకుందంట, ఆ సాయంత్రం వాడికి వాంతులు. ఇహ చూస్కో, అందరూ కలిసి ఆవిడ పాక పీకేసేరు.

పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఎక్కడికెళ్తుంది? ఎవరూ రాని చోటు ఒక్కటే కదా ఊళ్ళో. మిషను బంగళాలో దూరింది. ఆ సంగతి మా అమ్మకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుందంట. అమ్మ చాటుగా బియ్యం, దారపు ఉండలు పట్టుకెళ్ళేది, ఆవిడల్లిన లేసు తెచ్చి తనే అల్లినట్టు షావుకారుకిచ్చేది. "నీకు భయం వెయ్యట్లేదుటే?" అని అమ్మ అడిగితే, "ఆవిడా పోగొట్టుకున్నదే కదా వదినా" అందంట దొరసాని గురించి. ఇంకెవరి ముందూ నోరు విప్పేది కాదు. మా అమ్మతో మాట్లాడినా కొంగు నోటికడ్డం పెట్టుకునే మాట్లాడేది. వెలిసిపోయిన చీరలో మేడమీద అటూ ఇటూ తిరుగుతుంటే గట్టుమీద పోయేవాళ్ళకి కనపడేది. "కళ్ళారా చూసేనండీ, గౌను కుచ్చిళ్ళతో సహా చూసేనండీ బాబూ" అని ఒకడు. "నాకేసి నవ్విందండీ" అని ఇంకోడు. పోనీలే, దొరసాని పుణ్యమా అని ఎవడూ ఆవిడ జోలికి రాలేదు. అలా ఏళ్ళే గడిచేయి.

మా చెల్లి పురిటికని అమ్మ రావులపాలెం వెళ్ళింది. నేను జనాన్ని ఏరు దాటించే పంటు మీద పన్లో ఉండేవాణ్ణి, రేవులోనే పొద్దు గడిచిపోయేది. అప్పుడే మేడమెట్లు కూలేయి. రత్తమ్మ కింద పడిపోయింది. నడుం విరిగిందో తుంటి విరిగిందో, కదల్లేదు. అన్నేళ్ళూ మూసుకున్న నోరు తెరిచింది, పాపం. మేకలు తోలుకెళ్ళేవాళ్ళు విన్నారు, చెవులు మూసుకుని పరిగెత్తేరు. గడ్డి కోసుకునే బుల్లబ్బాయి గోడవతలే ఉన్నాడంట. "బుల్లబ్బాయ్... ఒరే బుల్లబ్బాయ్..." అని పిలిచింది. వాడు కొడవలి అక్కడే పారేసి ఇంటికొచ్చి పడ్డాడు, ఒళ్ళు పేలిపోయే జ్వరం. "దొరసాని నన్ను పేరెట్టి పిలిచిందిరోయ్! నేను పలకలేదురోయ్!" మంచంచుట్టూ జనం, వేపమండలు, విబూదీ. ఏ దేశందో ఆ దొరసానికి వీడి పేరు బుల్లబ్బాయని ఎలా తెలిసిందిరా అని ఒక్కడడగలేదమ్మా.

మర్నాడు అమ్మ బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి ఇదే గోల. చేతిలో సంచి అక్కడే వదిలేసి పరిగెత్తింది. వెళ్ళేసరికి ఇంకా ఊపిరుంది. నీళ్ళు పట్టి, ఒళ్ళో తల పెట్టుకుని, "ఎవర్నన్నా పిలవాల్సింది కదే, గట్టిగా అరవాల్సింది కదే" అని అమ్మ ఏడుస్తోంది. రత్తమ్మేమో చెయ్యెత్తి నోటికడ్డం పెట్టుకుందంట. "పిలిచేను వదినా. బుల్లబ్బాయిని పేరెట్టి పిలిచేను. ఆడికేం కాలేదు కదా?" అందంట. మళ్ళీ మాట్లాడలేదు. అమ్మ కబురెడితే నేనూ వచ్చేను, ఆసుపత్రికని రిక్షాలో ఎక్కించేం, రేవు మలుపు దాటకుండానే అయిపోయింది.

పాడె పట్టడానికి పేటలో ఎవరూ రాలేదు. నేనూ, పంటు మీద పనోళ్ళు ఇద్దరూ. నాలుగో మనిషి కోసం చూస్తుంటే దుప్పటి కప్పుకుని, వణుక్కుంటూ బుల్లబ్బాయొచ్చేడు. భుజం పెట్టేడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికేడులే. ఎవరు ఎక్కణ్ణించి పిలిచినా మొదటి పిలుపుకే "ఆయ్, వస్తన్నా" అనేవాడు. పిల్లకాయలు ఆటపట్టించడానికి గోడచాటు నుంచి పిలిచేవారు. అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే బయటికొచ్చేవాడు. ఎవరూ కనపడకపోయినా గుమ్మంలో అలా నిలబడిపోయేవాడు, ఎవర్రా, ఎవర్రా అంటూ...

మబ్బేస్తోందమ్మా. మీ అమ్మ ఆరేసిన బట్టలున్నట్టున్నాయి, వెళ్ళు, తియ్యి.