ఖాళీ గది రీడింగ్

రాయదుర్గంలో యాంటెన్నాలు పరీక్షించే ల్యాబ్. గోడల నిండా ఫోమ్ దిమ్మెలు అతికించిన గది తలుపు మూసి, పెద్ద ఇంజనీరు, కొత్తగా చేరిన అమ్మాయి స్క్రీన్ ముందు కూర్చున్నారు.

“గెయిన్, అంటే ఒక దిక్కుకి సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో, ముందే తెలిసిన యాంటెన్నా పెట్టి సిగ్నల్ చూస్తామమ్మా. తర్వాత అదే చోట మనది పెడతాం. రెండిటి తేడా ఆ తెలిసిన గెయిన్‌కి కలిపితే మనది వచ్చేస్తుంది.”

“తెలిసినదానికే రావాల్సినదానికన్న తక్కువ చూపిస్తుంది సార్.”

“లోపల మనిషి అడ్డంగా ఉంటే అలా తగ్గుతుంది.”

“నేనే చూసి తలుపేసిన. బయట చెప్పులు గూడ మన ఇద్దరివే ఉన్నయ్.”

“మన టెక్నీషియన్ కొండల్ ఉన్నప్పుడు రోజూ ఇంతే. స్టాండ్ సరిచేస్తూ లోపలే ఉండిపోయేవాడు.”

“యాక్సిడెంట్ల పోయినాయనేనా?”

“ఆ. పోయిన నెల.”

“అప్పుడేం చేసేటోళ్లు సార్?”

“తలుపు తీసి పిలిచేవాణ్ణి. ఆ గదిలో గొంతు మోగదు, గట్టిగా అరవాలి.”

“జర ఒక్కసారి పిలువుండ్రి.”

“ఏంటమ్మా ఆ మాటలు?”

“పిలువుండ్రి సార్.”

ఆయన లేచి వెళ్లి తలుపు తీశాడు.

“కొండల్! ఇక చాల్లే, బయటికి రావయ్యా!”

కాసేపు ఆగి, మళ్లీ మూశాడు.

“ఇప్పుడు చూడమ్మా.”

“పెరిగింది సార్. సరిగ్గ వచ్చింది. నేను పోయి మన యాంటెన్నా పెట్టనా?”

“ఇప్పుడే రాకమ్మా. వాడింకా చెప్పులు వేసుకుంటున్నాడు.”