జంపయ్య కాకను పిలవని పొద్దు

భీమక్క చిన్నమ్మకు, మద్దులగూడెం పెద్దలకు, ఇల్లందు నుంచి బండ్ల మీద వచ్చిన బొగ్గుబాయి కార్మికులకు, ఖమ్మం నుంచి కెమెరాలతో వచ్చిన మిత్రులకు నమస్కారం. మన జంపయ్య కాక పోయి నేటికి పదకొండు రోజులు. ఈ చిన్న బడి వరండా పట్టనంత మంది వచ్చారు. బతికుండగా ఇంతమంది మధ్యన నిలబడమంటే ఆయన గుట్ట మీదికి పారిపోయేవారు.

నా పేరు ప్రమీల. పన్నెండేళ్లుగా ఈ గూడేనికి టీకాలు వేయడానికి వస్తున్న నర్సమ్మను. ప్రసంగాలు చేసే మనిషిని కాను. కానీ ఈ మైకు నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకంటే, ఆయన పోయిన పొద్దున ఆయన పక్కనుంచి నడిచి వెళ్లింది నేను. ఆ సంగతి మీ అందరి ముందు చెప్పకపోతే నాకు మనశ్శాంతి లేదు.

ముందు, ఆయన గురించి తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను.

గోడ మీద చూడండి. ఆ పెద్ద పెద్ద కళ్లు, ఆ మీసాలు, ఆ కోరలు! అవన్నీ మన కాళ్ల కింద తిరిగేవే. చీమ, తూనీగ, కందిరీగ, గొల్లభామ. కాక వేలెడు దూరం నుంచి తీసిన బొమ్మలు అవి. ముప్పై ఒక్క ఏళ్లు భూమి లోపల చీకట్లో పనిచేసిన మనిషికి ఈ పిచ్చి ఎక్కడ పట్టింది?

బాయిలోనే పట్టింది. ఆయన తోటి కార్మికుడు కిషన్‌లాల్ అన్న ఇక్కడే కూర్చున్నారు, ఆయనే నాకు చెప్పారు. ఒకనాడు బాయిలో పైకప్పు కూలింది. ఇద్దరూ లోపల చిక్కుకుపోయారు. తొమ్మిది గంటలు! టోపీ దీపం సన్నగిల్లుతోంది. ఊపిరి బరువెక్కుతోంది. అప్పుడు కాక తన మోకాలి దగ్గర ముఖం పెట్టి, దేన్నో చూస్తూ ఉండిపోయారట. ఏందని అడిగితే, కీచురాయి వచ్చి వాలిందన్నారట. "దీని మీసాలు రెండూ ఒక్క దిక్కే ఊగుతున్నయ్. గాలి గట్నుంచే వస్తున్నది. గట్నే తవ్వుదాం" అన్నారట. తవ్వారు. బతికారు.

కిషన్‌లాల్ అన్న నేటికీ ఒట్టు పెట్టి చెబుతారు: "నేను ఆయన భుజానికి భుజం ఆనించి కూసున్న. నాకైతే ఏ పురుగూ కనపడలే."

అప్పటి నుంచి జంపయ్య కాక పురుగును చూస్తే ఆగిపోయేవారు. "పురుగు మన మొకం చూడది. మనమే పోయి దాని మొకం చూడాలె" అనేవారు. రిటైరయ్యాక తన భార్య భీమక్క చిన్నమ్మ పుట్టిన ఈ గూడేనికి వచ్చారు. కెమెరా కొన్నారు, దానికి దగ్గరి బొమ్మలు తీసే లెన్స్ కొన్నారు. ఇక ఆయన పొద్దంతా గడ్డిలోనే.

మద్దులగూడెం వాళ్లారా, నాలుగేళ్ల కిందటి వరద మీకు గుర్తు చేయాలా? వాన వెలిసి రెండు రోజులైంది. ఎండ కాసింది. గోదావరి తగ్గుతోందని భద్రాచలం నుంచి వచ్చిన వాళ్లు చెప్పారు. మీరంతా తడిసిన వడ్లు ఎండబోసుకుంటున్నారు. మిట్టమధ్యాహ్నం కాక వాగు దిక్కు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆరోజు నేనూ ఇక్కడే ఉన్నాను. కెమెరా వెనక తెర మీద బొమ్మలు చూపించారు. వాగు ఒడ్డున ఉన్న మద్దిచెట్టు బోదె. దాని మీద, మనిషెత్తు దాటాక, పురుగులు. గుడ్లు నోట పట్టుకున్న చీమలు. వాటి పక్కన మిడత. మిడత పక్కనే గొల్లభామ. సాలీడు కాలు రెక్కల పురుగు వీపు మీద ఆని ఉంది. తేలు ఉంది, జెర్రి ఉంది. ఒక్కటీ ఇంకోదాన్ని తినడం లేదు. ఒక్కటీ కదలడం లేదు. అన్నిటి తలలూ పైకే ఉన్నాయి.

"నలభై బొమ్మలు తీసిన. పగోళ్లంతా ఒక్కకాడ కూసుండి ఊపిరి బిగబట్టిండ్రు. నాకు భయమైతున్నది, లేవుండ్రి" అన్నారు కాక.

కొందరు నవ్వారు. నవ్వలేదా? నేనూ నవ్వాను. మీ గూడెం గంగక్క ఒక్కతే నవ్వలేదు. ఆ బొమ్మ వంక చూసి, మేకను విప్పి, "పురుగులు ఎక్కినకాడికి మనమూ ఎక్కుదాం" అని గుట్ట దారి పట్టింది. ఆమె వెనక పంతొమ్మిది కుటుంబాలు. మరునాడు పొద్దున గోదావరి వాగులోకి ఎదురెక్కింది. ఈ బడి కిటికీల దాకా నీళ్లు! నీళ్లు తీశాక కాక నన్ను ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. బోదె మీద బురద గీత ఉంది. పురుగులు నిలబడ్డ చోటుకు సరిగ్గా జానెడు కింద ఆగిపోయింది.

ఇన్ని ప్రాణాలు నిలిపిన మనిషి. మరి ఆయన ప్రాణం పోతుంటే మనం ఏం చేశాం? నేనేం చేశాను?

మీ అందరికీ ఆయన నేర్పిన కట్టుబాటు ఒకటి ఉంది. "నేను పండుకొని ఉంటే పిలవకుండ్రి. మెల్లగ అడుగేయుండ్రి. నేల అదిరితే పువ్వు అదురుతది." ఈ గూడెంలో పసిపిల్లలు కూడా ఆ మాట మీరలేదు.

ఆ పొద్దున ఏడు గంటల నలభై నిమిషాలకు నేను టీకాల డబ్బా పట్టుకుని గుట్ట దారిన వస్తున్నాను. దారి పక్కన అడవినాభి తీగ పూసింది. ఎర్రగా, మంట లేచినట్టు. దాని ముందు కాక బోర్లా పడుకుని ఉన్నారు. ఎప్పటిలాగే. కెమెరా నేల మీద చిన్న స్టాండుకు ఉంది. టిక్కుమంది. కాసేపాగి మళ్లీ టిక్కుమంది. బొమ్మ తీస్తున్నారు అనుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని, గడ్డి మీద మునివేళ్లతో నడిచి దాటిపోయాను.

పదకొండు కావస్తుండగా తిరిగి వచ్చాను. కాక అక్కడే ఉన్నారు. కెమెరా టిక్కుమంటూనే ఉంది. కానీ ఆయన మెడ మీద, చెవుల మీద, చేతుల మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు. వందో, రెండు వందలో! చెమట ఉప్పు కోసం వాలినవి. ఒక్కటీ ఎగరడం లేదు. నేను కేక పెట్టినా ఎగరలేదు. పన్నెండేళ్లుగా నాడి చూస్తున్న చెయ్యి నాది. అదే చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాను, నాడి లేదు.

ఆ కెమెరా పది సెకన్లకొక బొమ్మ తనంతట తానే తీస్తుందట. అప్పటికి నాకు తెలియదు.

గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. ఏడు గంటల లోపే అయిపోయిందని, నేను పిలిచినా లాభం ఉండేది కాదని అన్నారు. ఆ మాట పట్టుకుని బతుకుదామనుకున్నాను. తరవాత చిన్నమ్మా నేనూ ఆ బొమ్మలు చూశాం. పదహారు వందల బొమ్మలు. మొదట పువ్వు ఒక్కటే. ఆరు యాభైకి ఆయన చెయ్యి బొమ్మలోకి వచ్చి గడ్డిలో పడింది. ఆ తరవాత యాభై నిమిషాలు కదలలేదు. ఏడు నలభైకి వెనక మసకగా రెండు పాదాలు. నా పాదాలే. నా చీర అంచు. ఆ పక్క బొమ్మలో కాక చేతి వేళ్లు రెండు పువ్వు కాడను పట్టుకుని ఉన్నాయి.

నేను దాటాక కూడా, చివరిదాకా అవి కాడను అట్లాగే పట్టుకుని ఉన్నాయి.

డాక్టరును అడిగాను. పోయినవాళ్ల చెయ్యి ఒక్కోసారి జారుతుందన్నారు. కెమెరా గడియారం చూడమన్నారు. చూశాను. నా ఫోనుకూ దానికీ నిమిషం తేడా లేదు. చిన్నమ్మ కాళ్ల మీద పడ్డాను. అప్పటికి ఆయన బతికే ఉన్నారేమో, నేను దాటిపోయానేమో అని ఏడ్చాను. ఆమె నన్ను లేపి ఇట్లా అన్నది: "చెయ్యి జారితే కిందికి జారుతది బిడ్డా, పువ్వు మీదికి ఎక్కది. నువ్వు నడుస్తుంటే అది అదురుతదని పట్టుకున్నడు. ఉండి పట్టుకున్నడా, పోయినంక పట్టుకున్నడా, గది నన్ను అడగకు. నేను చెప్పలేను. నువ్వు తిట్టుకుంటే మాత్రం ఆయనకు నచ్చది."

మిత్రులారా, ఆమె నన్ను క్షమించింది. నాకింకా ఆ టిక్కు టిక్కు వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు మిమ్మల్ని మౌనంగా ఉండమని అడగాలంటే నాకు భయంగా ఉంది. అయినా అడుగుతున్నాను, ఆయనకు మౌనం ఇష్టం కాబట్టి. అందరం లేచి ఒక్క నిమిషం నిలబడదాం. తల వంచకండి, కళ్లు మూయకండి. పక్కనున్న మనిషిని చూస్తూ ఉండండి. ఎవరైనా తూలినట్టు అనిపిస్తే నిమిషం నిండలేదని ఆగకండి. పేరు పెట్టి గట్టిగా పిలవండి.

లేవండి.